చంద్రగిరిలో లోకాంతం

“ఎవరమ్మా ఈ పని చేసింది?” డైరెక్టరు జయరావు వీధిలోనే నిలబడిపోయాడు.

పోయిన వారం చంద్రగిరి కోట చూసి వస్తూ ఆయన ఈ ఇంటిని చూసి మురిసిపోయాడు. పెచ్చులూడిన గోడ, వాకిట్లో పిచ్చిమొక్కలు, ఒరిగిన తలుపు. ఇవాళ ఆ గోడకు తెల్లటి సున్నం, అడుగున ఎర్రమన్ను పట్టీ. పేడనీళ్ళు చల్లిన వాకిట్లో వీధి సగం దాకా ముగ్గు. గడపకు పసుపు, పైన మామిడాకులు.

“నేనే నాయనా,” అంది తిరుమలమ్మ సంబరంగా. “మద్రాసోళ్ళు మనిల్లు బొమ్మ తీస్తారంట అని మా ఆయన చెప్పినాడు. ఊరూరా సూసే ఇల్లు. అట్లే పెట్టుకుంటే నన్నేమనుకుంటారు?”

జయరావు తల పట్టుకున్నాడు.

“అమ్మా, ఇది వెయ్యేళ్ళ తరువాతి కథ. యంత్రాలు మనుషుల్ని ఏలతాయి. వానలుండవు, ఏర్లు ఎండిపోతాయి. చివరికి ఒక్కడే మిగులుతాడు. గుక్కెడు నీళ్ళ కోసం తిరిగి తిరిగి, పాడుపడిన ఇంటి ముందు పడి చచ్చిపోతాడు. యంత్రాల రాజు కొలువు కోటలోని రాజమహల్లో తీసేశాం. ఈ చావొక్కటే మిగిలింది.”

“వెయ్యేండ్లయితే మాత్రం ఆడోళ్ళు వాకిలి ఊడ్సరా?”

“ఆడవాళ్ళు లేరమ్మా! ఎవరూ లేరు!”

“అయ్యో,” అంది తిరుమలమ్మ. నిజంగానే బాధపడింది.

కెమెరామాన్ సంపత్కుమార్ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. “సార్, ఫిలిం ఒక్క డబ్బానే ఉంది. యుద్ధం మూలాన ఓడలు రాక ఇంకోటి దొరికేట్టు లేదు. ఇవాళ చెడితే బొమ్మ ఆగిపోయినట్టే.”

“ముగ్గు చెరిపెయ్యండయ్యా!” అని అరిచాడు జయరావు.

లైట్లు మోసేవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒక్కడూ కదల్లేదు. “ఇంటి ముందర పచ్చి ముగ్గు ఎట్ల తొక్కేది సార్?” అన్నాడు ఒకడు.

జయరావు అరుగు మీద కూలబడ్డాడు. తిరుమలమ్మ ఆయన మొహంలోకి చూసింది. “ఇది చెడితే నీకు శానా కష్టమా నాయనా?”

ఆయన తలూపాడు.

ఆమె లోపలికి పోయి చీపురు తెచ్చింది. తన ముగ్గును తానే ఊడ్చేసింది. మామిడాకులు పీకింది. తెల్లటి గోడ మీద బూడిద నీళ్ళు కుమ్మరించింది.

“ఏం మే, పొద్దున్నించి నడుం విరిగేట్టు పూసి, నువ్వే పాడు చేస్తా ఉండావే?” అన్నాడు మొగుడు మునెయ్య.

“నువ్వు ముందే సక్కంగా చెప్పుంటే నాకీ పాట్లేల? నిలబడి సూస్తావా, ఆ కంప తెచ్చి ఈడ పడెయ్.”

ఇల్లు మళ్ళీ పాడుపడింది. జయరావు ఆమెకు చేతులు జోడించాడు. “లోపలే ఉండమ్మా. ఏం జరిగినా బయటికి రావద్దు. మాట కూడా వినపడకూడదు.”

“రానులే నాయనా, పో.” ఆమె తలుపు మూసుకుంది.

కెమెరా తిరిగింది. చింకిపాతల్లో నటుడు జయరామ్ ఎండకు కాలుతున్న వీధి వెంట వట్టి కాళ్ళతో తూలుతూ వచ్చాడు. పొద్దుటి నుంచి ఎండలో నిలబడ్డవాడు, నటించవలసిన పని లేకపోయింది. తలుపు ముందు పడ్డాడు.

“నీళ్ళు...”

వీధి నిశ్శబ్దంగా ఉంది.

“నీళ్ళు... ఎవరైనా...”

ఇక తల వాల్చాలి. అంతలో తలుపు కిర్రుమంది. తిరుమలమ్మ చెంబుతో బయటికి వచ్చింది. ఎవరి వైపూ చూడలేదు. అతని పక్కన చతికిలబడి, తల ఎత్తి ఒళ్ళో పెట్టుకుంది.

“మెల్లంగా తాగు నాయనా. పొలమారతాది.”

జయరామ్ గటగటా తాగాడు. ఆమె కొంగుతో అతని మొహం తుడిచింది. చెంబు ఖాళీ అయింది. డబ్బాలో ఫిలిమూ అయిపోయింది.

“కెమెరా ఆపలేదేమయ్యా?” అన్నాడు జయరావు.

“మీరు ఆపమనలేదు సార్.”

జయరావు మెల్లగా వాకిట్లోకి నడిచాడు. “రానన్నావు కదమ్మా?”

“వేసమో నిజమో, నీళ్ళడిగినాడు గదా నాయనా!”

ఆయన సంపత్కుమార్ వైపు తిరిగాడు.

“కథ మారిందయ్యా. లోకంలో ఇద్దరు మిగిలారు. వాడూ, వాళ్ళమ్మా.”