లింగమయ్య ఆకలి

“సంచిల ఎయ్యకురి సారూ. ఒళ్లె పెట్టుకోరి,” అంది పనిమనిషి బాలనాగమ్మ.

సుధీంద్ర గుడ్డసంచి పక్కన పడేశాడు. డైనింగ్ టేబుల్ మీద కొత్త తువ్వాలు, దాని మీద కొబ్బరికాయంత నల్లరాయి. ఇరవై రెండేళ్ల కిందట నల్లమలలో ఒక చెంచుపెంటను, అంటే చెంచుల గూడేన్ని, ఖాళీ చేయించిన రోజున, అటవీ అధికారిగా అతను జీపులో వేసుకొచ్చిన రాయి. గుడిసెలు కూలుతుంటే ఒక చెట్టు మొదట్లో కనిపించింది. నున్నగా ముచ్చటగా ఉందని తెచ్చేశాడు. అప్పట్నుంచీ ఏ ఇంట్లో ఉన్నా అది బాల్కనీలో, పూలకుండీల మధ్య ఉంది.

నెల కిందట ఎదుటి హాస్టల్లో గ్రూప్స్‌కు చదువుకునే చెంచు పిల్ల భాగ్యశ్రీ వచ్చింది. ఆదివాసీ దినోత్సవం చేస్తున్నాం, పాత అడవి ఫొటోలుంటే ఇస్తారా అని అడగడానికి. మాట్లాడుతూ బాల్కనీ వైపు చూసి, ఉన్నచోటే మోకాళ్ల మీద కూలబడింది.

“ఇది మా లింగమయ్య సార్. మా పెద్దలు చెప్పిన గుర్తులన్నీ ఉన్నయ్.”

సుధీంద్ర రాయి వైపు తిరిగాడు. “మరి ఇన్నేళ్లూ ఎవరూ అడగలేదే?”

“అడగొద్దు సార్. ఎత్తుకొస్తే దొంగతనమైతది. తీస్కపోయిన మనిషే తనంతట తాను తెచ్చియ్యాలె. మా పెంట కట్టుబాటు గది.”

“నువ్విప్పుడు అడుగుతున్నావుగా?”

“నేనడుగుతలేను. దేవుని పేరు చెప్పిన, గంతే.”

ఆ తర్వాత సుధీంద్రకు బాల్కనీలో కుర్చీ వేసుకోవాలంటే కాళ్లు రాలేదు. ఇవాళ ఆగస్టు తొమ్మిది, ఆదివాసీ దినోత్సవం. తిరిగిచ్చే రోజు.

“నేను గూడ వస్త సారూ,” అంది బాలనాగమ్మ కొంగు బిగిస్తూ.

“జ్వరమొచ్చినా మానేదానివి కాదు. ఇన్నేళ్లకు ఇవాళ అడుగుతున్నావా సెలవు?”

“సెలవు గాదు. మీ ఎంబడే వస్త.”

సుధీంద్ర నవ్వాడు. ఇలాంటి పనిమనిషి నగరంలో ఇంకెవరికీ లేదని స్నేహితుల దగ్గర గొప్పలు పోయేవాడు. ఇరవై రెండేళ్ల కిందట పాలమూరు నుంచి కూలికొచ్చి పనిలో చేరింది, కవాడిగూడ బస్తీలో ఉండేది. నల్లకుంట నుంచి అశోక్‌నగర్‌కు ఇల్లు మారినప్పుడు పక్కింటివాళ్లు ఎంత బతిమాలినా వినకుండా వెంట వచ్చేసింది. ఒక్కటే చాదస్తం. చాయిచ్చినా, టిఫినిచ్చినా బాల్కనీలోకి పట్టుకెళ్లి అటు తిరిగి తింటుంది. హాల్లో కూర్చోమంటే ససేమిరా. బిడియం కాబోలనుకున్నాడు.

కింద ఎదురుచూస్తున్న భాగ్యశ్రీతో కలిసి ముగ్గురూ ఆటో ఎక్కారు. చిక్కడపల్లి ట్రాఫిక్‌లో ఆటో ఆగిపోయినప్పుడు భాగ్యశ్రీ గొంతు తగ్గించింది.

“సార్, ఒక్క ముచ్చట. మా పెద్దమనిషి హనుమప్ప తాత అందర్ల ఒక్కటే అడుగుతడు. లింగమయ్య ఒక్కపూటన్న పస్తున్నడా అని.”

“అంటే?”

“మేం ఏం తిన్నా మొదటి ముద్ద ఆయనకే. పస్తున్న దేవుణ్ని మళ్ల గద్దె మీద కూసోబెట్టరు. కృష్ణా నదిల కలుపుతరు. ఇగ మా గద్దె ఎప్పటికీ ఖాళీనే.”

సుధీంద్ర ఒళ్లోని రాయిని చూశాడు. ఇరవై రెండేళ్లలో ఆ రాయి ముందు ఒక్క అగరుబత్తి కూడా వెలిగించలేదు.

“పస్తు లేడని చెబితే?”

“చెప్పుండ్రి. ఎవరు చూడొచ్చిన్రు?”

ఆ మాటలో వెటకారం ఉందో, ఆశ ఉందో అతనికి అర్థం కాలేదు. బాలనాగమ్మ రోడ్డు వైపు చూస్తూ కూర్చుంది.

బాగ్ లింగంపల్లిలోని హాలు కిక్కిరిసి ఉంది. వేదిక మీద చెంచులు తేనె తీసే పాట పాడుతున్నారు. డప్పుల దెబ్బకు కిటికీ అద్దాలు అదురుతున్నాయి. సుధీంద్ర రాయితో గుమ్మంలో అడుగుపెట్టాడు.

డప్పులన్నీ ఒక్క దెబ్బకు ఆగిపోయాయి.

పాడుతున్నవాళ్లు పాడుతున్నట్టే నేల మీద సాగిలపడ్డారు. హాస్టల్ పిల్లలు, కాలనీవాళ్లు ఎందుకో తెలియకుండానే లేచి నిలబడి, ఒకరి తర్వాత ఒకరు చెప్పులు విడిచారు. మూడు వందల మంది ఉన్న హాల్లో ఫ్యాను చప్పుడొక్కటే వినిపిస్తోంది. సర్వీసులో పులిని పది అడుగుల దూరంలో చూసినవాడు సుధీంద్ర. అప్పుడు కూడా అడుగు ఇలా ఆగిపోలేదు. ఆనాడు ఒంటిచేత్తో జీపులోకి విసిరిన రాయి ఇవాళ రెండు చేతులకూ ఆగడం లేదు.

హనుమప్ప ఎదురొచ్చాడు. ఎనభై ఏళ్లుంటాయి. భుజాన విల్లు.

“ఎత్తుకపోయింది నువ్వేనా?”

“నేనే. తప్పు చేశాను. క్షమించమని అడిగే ముఖం కూడా లేదు.”

“ముఖం సంగతి తర్వాత జూద్దాం. లింగమయ్య ఒక్కపూటన్న పస్తున్నడా?”

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. ‘లేడు’ అంటే చాలు, దేవుడు అడవికి వెళ్లిపోతాడు. వేదిక కింద ముసలమ్మలు కొంగులు చాచి ఎదురుచూస్తున్నారు. కానీ ఆ రాయిని గుండెకు ఆనించుకుని అబద్ధమాడటం అతని వల్ల కాలేదు.

“ఉన్నాడు. ఇరవై రెండేళ్లూ. నేనొక్క మెతుకు కూడా పెట్టలేదు.”

హనుమప్ప ముడతల ముఖం మెల్లగా విచ్చుకుంది.

“నిజమే చెప్పినవ్. ఇగ నీకు ముఖం ఉన్నది. కానీ నేనడిగింది నిన్ను గాదు సారూ.”

ఆయన చూపు సుధీంద్ర భుజం మీదుగా వెనక్కి వెళ్లింది.

“ఒక్కపూట గూడ లేడు. బాల్కనిల నా మొదటి ముద్ద ఆయనకే,” అంది వెనక నుంచి బాలనాగమ్మ.

హనుమప్ప ఎనభై ఏళ్ల నడుము వంచి ఆమె పాదాలు తాకాడు. ఆయన వెనక ముసలమ్మలు వంగారు. పాటగాళ్లు వంగారు. భాగ్యశ్రీ వెక్కివెక్కి ఏడుస్తూ నేలకు నుదురు ఆనించింది.

సుధీంద్ర అయోమయంగా చూశాడు. “ఈమె... ఈమె మా ఇంట్లో పనిచేసే బాలనాగమ్మ.”

హనుమప్ప తలెత్తాడు.

“మా పూజారి, సారూ.”