దొరగారు మెచ్చిన వెన్న

హుమ్మ ఊళ్లో క్యాంపు వేసిన దొరకు ఆ మధ్యాహ్నం వెన్న రాసి కాల్చిన మొక్కజొన్న పొత్తులు తినాలనిపించింది. వంటవాడు నీలకంఠం డబ్బా మూత తీస్తే వెన్న చెడి కంపు కొడుతోంది. ఇలాంటి వెన్న పెట్టినందుకే పాత వంటవాణ్ని దొర ఆ పూటే పంపేశాడు.

"ఇప్పుడేటి సేద్దునే?" అన్నాడు భార్యతో.

"కొత్తిమీర, ఎల్లుల్లి, పచ్చిమిరగాయ నూరి అందులో కలిపెయ్యి. కంపు తెలవదు," అంది సీతాలు.

నిప్పుల మీద కాల్చిన పొత్తులకు ఆ వెన్న పట్టించి, దండం పెట్టుకుని వడ్డించాడు. దొర నాలుగు పొత్తులు తిని వేళ్లు నాకాడు.

"రేపు బరంపురం నుంచి పెద్దదొర వస్తున్నాడు. ఇదే పెట్టు," అన్నాడు.

నీలకంఠం కళ్లు చెమర్చాయి. అంత మెచ్చుకున్న మనిషిని మళ్లీ మోసం చేయబుద్ధి కాలేదు. మర్నాడు పొద్దున్నే ఇల్లిల్లూ తిరిగి, అప్పుడే చిలికి తీసిన వెన్న తెచ్చాడు. కొత్తిమీర అలాగే నూరాడు, పొత్తులు అలాగే కాల్చాడు.

పెద్దదొర ఎదుట దొర ఒక్కసారి కొరికి మొహం మాడ్చుకున్నాడు.

"నిన్నటి రుచి ఏదీ? చెడిన వెన్న పెట్టావు!" అని పనిలోంచి తీసేశాడు.

మూట నెత్తిన పెట్టుకుని దిగపహండి దారి పట్టాక సీతాలు అడిగింది.

"మంచి ఎన్న ఎయ్యమని నీకెవులు సెప్పినారు?"