గేదె ఇంగ్లీషు

ఉద్యోగ దరఖాస్తుకు మధ్యాహ్నం పన్నెండు గడువు. ఇంకా ఇరవై నిమిషాలే ఉంది. నెనీటా మాత్రం కీబోర్డు మీద చెయ్యి వేయనంటే వేయనంది.

"నా గేదె ఇంగ్లీషు చూసి ఆ కంపెనీవాళ్లు పడీపడీ నవ్వుతారే. నిన్న జరిగిందీ, రేపు జరగబోయేదీ ఒకే క్రియతో లాగించేస్తాను నేను."

"ఇంటి దగ్గరే ఉండి చేసుకునే ఈ ఉద్యోగం రాకపోతే సోమవారం పిల్లల్ని వదిలేసి మనీలా ఓడెక్కాలి తీతా. అప్పుడెవరు నవ్వుతారు?" అంది, అత్తను తీతా అని పిలిచే మేనకోడలు జోవెలిన్. "ఈ ఏఐ బ్రౌజర్‌లో కూర్చుని అన్నీ అదే నింపుతుంది. నువ్వు చూస్తూ ఉండు."

మీట నొక్కి, పొయ్యి మీద అన్నం ఉందంటూ వంటింట్లోకి పోయింది.

తెర మీద బాణం గుర్తు దానంతటదే కదిలింది. నెనీటా రెండు చేతులూ ఒళ్లోకి లాక్కుంది. పేరు పడింది. ఊరు పడింది. పేజీ తిరిగింది. 'మీ సొంత మాటల్లో పది వాక్యాలు' అన్నచోట, ఆమె పొద్దున్నే కొట్టి, పంపడానికి సిగ్గుపడి ఉంచేసిన పది వాక్యాలూ వచ్చి కూర్చున్నాయి. అంతటితో ఊరుకోలేదది. బియ్యంలో రాళ్లేరినట్టు తప్పులన్నీ ఏరేసింది. పదేళ్లపాటు టీచర్లు చెవి మెలిపెట్టినా దారికి రాని క్రియలు, ఒక్క నిమిషంలో బుద్ధిగా వరుసలో నిలబడ్డాయి. నెనీటా శిలువ గుర్తు వేసుకుంది.

'పంపమంటారా?' అని అడిగింది తెర.

నెనీటా కనుబొమలు ఎగరేసింది. వాళ్ల ఊరు ఇలోయిలోలో అవుననడానికి అంతకుమించి ఎవరూ శ్రమపడరు. తెర కదల్లేదు. మళ్లీ ఎగరేసింది, ఈసారి కాస్త మర్యాదగా.

గరిటెతో వచ్చిన జోవెలిన్ గడియారం చూసి గతుక్కుమంది. "ఏం చేస్తున్నావు తీతా?"

"అవునని చెబుతున్నానే, పట్టించుకోవడం లేదు. అంత చదువుకున్నదానికి ఆమాత్రం బిగువు ఉంటుంది కాబోలు."

"దానికి నీ కనుబొమలు కనబడవు. నొక్కు."

నొక్కింది. పదకొండూ యాభైతొమ్మిది.

"నా పేరు కింద అంత చక్కటి ఇంగ్లీషు," అంది నెనీటా మెల్లగా. "చదువుతుంటే లేచి నిలబడాలనిపించిందే."

అన్నం వార్చేలోగానే జవాబు వచ్చింది. జోవెలిన్ పైకి చదివింది. "నెనీటా గారూ, మీ క్రియల్లో ఒక్క తప్పూ దొరకలేదు. అభినందనలు."

నెనీటా చెంపలు ఎర్రబడ్డాయి. "ఇంకా ఏముంది?"

జోవెలిన్ కింది వరుస చదివింది.

"మన్నించండి. మా ఏఐకి మనుషుల తప్పులు ఎలా ఉంటాయో నేర్పాలి. మాకు కావలసింది తప్పులు రాసేవాళ్లు."