చేప చెప్పిన చుట్టరికం

“ఏ దేశపోళ్లనైనా ఇద్దర్ని తెచ్చి నా ముంగట కూసోబెట్టు కాషిఫ్ భాయ్. చాయ్ చల్లారేలోపు వరుస కలుపుత,” అన్నాడు భోజన్న, చేప పొలుసు గీకుతూ.

సౌదీలో తబూక్ శివారులోని పెద్ద తోటలో అతను వంటమనిషి. పద్దెనిమిదేళ్ల కొలువు ముగించుకుని, వచ్చే వారమే ఎగ్జిట్ వీసా మీద శాశ్వతంగా ఇంటికి పోతున్నాడు. ఎదురుగా నీటి యంత్రాలు బిగించడానికి వచ్చిన ఇద్దరు: ఫిన్లాండ్ ఇంజనీరు ఎస్కో, సైబీరియా నేనెట్స్ తెగవాడు ఇల్యా.

భోజన్న చేపను పైకెత్తాడు. “దీన్ని మీ ఇంట్ల ఏమంటరు?”

“కలా,” అన్నాడు ఎస్కో.

ఇల్యా ఉలిక్కిపడ్డాడు. “మా అమ్మ ఖాల్యా అంటుంది!”

“చూసినవా! పాలోళ్లు, ఒక్క తాత మనుమలు! చేప తలకాయ కోసం కొట్టుకొని చెరో దిక్కు పోయిన్రు.”

గేటు కాపలా కాషిఫ్ పకపకా నవ్వాడు.

“వేల ఏళ్ల నాటి దూరపు చుట్టరికమే అంటారు పండితులు,” అంటూ ఎస్కో ఇల్యా చెయ్యి పట్టుకున్నాడు.

అంతలో ఎవరో గేటు బాదారు. కాషిఫ్ వెళ్లి చూసి కేకేశాడు. “భోజన్నా, ఎవరో ఆడమనిషి! మాట తెలియట్లేదు. నీ భాషేమో చూడు.”

దుమ్ము కొట్టుకుపోయిన అబాయా. కాళ్లకు చెప్పుల్లేవు.

“అన్నా, నువ్వు మనోనివేనా? నేను పోచవ్వను, జగిత్యాల దిక్కు. పనికి వెట్టుకున్నోళ్లు కొడుతున్నరే. ఎంబసీకి ఒక్క ఫోన్ కలిపియ్యి.”

అచ్చం తన పక్క ఊరి యాస. భోజన్న నోరు తెరవబోయాడు. అప్పుడే ఆమె వెనక తెల్లకారు వచ్చి ఆగింది. దిగినవాడు ఆమెను పనికి పెట్టుకున్న యజమాని, కఫీల్. పారిపోయిన పనిమనిషిని వెనకేసుకొస్తే తన ఎగ్జిట్ అక్కడే ఆగిపోతుంది.

“ముఝే యే జబాన్ నహీ ఆతీ,” అన్నాడు భోజన్న, ఆమె భాషే తనకు రాదని.

పోచవ్వ అతని ముఖంలోకి చూసింది. కారెక్కింది.

లోపలికి రాగానే ఇల్యా అడిగాడు. “ఆమె మాట నువ్వు ఫోన్‌లో ఇంటికి మాట్లాడే మాటలాగే ఉందే. నీకేమవుతుంది?”

“ఏం కాదు.”

ఆ మధ్యాహ్నం పాలోళ్లిద్దరూ ఒకే పళ్లెంలో తిన్నారు. భోజన్న వంటింట్లోంచి బయటికి రాలేదు.

ఊరికొచ్చాక ఈ కథ ఎన్నిసార్లు చెప్పానో! విన్న ప్రతివాళ్లూ, “నువ్వు మాత్రం ఏం చేస్తవే భోజన్నా, కఫీల్ ఎదురుంగ నిలవడితే!” అని ఓదారుస్తారు. కలా, ఖాల్యా మాత్రం కోతలేనంటారు. అవి రెండూ నిజం. నేను అల్లింది ఒక్కటే.

గేటు దగ్గర కారు లేదు.