తాబేలు చెప్పిన అవుటు

చెరువు ఎండి బండలు బయటపడితే చాలు, ముసలి తాబేలుకి పాత నేలా బండా ఆట గుర్తొచ్చేది. బండెక్కితే బతికినట్టు, నేల మీద దొరికితే అవుటు. పట్టేవాళ్ళు వెంటపడి పట్టాలి గాని దారికి అడ్డం పడకూడదు. తీర్పు తాబేలుదే.

ఒకనాడు తొండ దారికడ్డంగా పడుకుని, తూలిపోయిన ఉడుతని తాకేసింది. అందరూ గోల పెట్టారు. "అవుటు!" అనేసింది తాబేలు. ఉడుత మరే ఎండాకాలమూ ఆటకి రాలేదు.

ఇన్నేళ్ళకి, మీసాలు నెరిశాక, చెరువు అడుగున మిగిలిన నీళ్ళు తాగడానికి అటు వచ్చింది.

"ఉడుతా, ఆ రోజు నేను చూడలేదే. గోలకి బెదిరి తల లోపలికి లాక్కున్నాను," అంది తాబేలు.

"తెలుసులే తాతా. తీర్పు చెప్పింది నీ డొప్పే కదా!"

"అప్పుడే అనొచ్చుగా?"

"నలుగురిలో నీ పరువు తియ్యమంటావా?"

తాబేలు బండల వైపు తల తిప్పింది. "ఇప్పుడొక్కసారి పరిగెత్తవే, తల్లీ," అంది.

ఉడుత ఆయాసపడుతూ ఆఖరి బండ వైపు కదిలింది. తాబేలు మెడ సాగినంతా చాపి, అది బండెక్కేదాకా రెప్ప వెయ్యకుండా చూసింది. అవతలి గట్టుకి వినబడేలా అరిచింది.

"బండెక్కేసింది! అవుటు కాదు!"