పన్నెండా, ఇరవయ్యా

"కుందేళ్ళకి పెద్ద గేజే కావాలండీ. ఇరవై ఇవ్వండి," అన్నాడు వెస్లీ, ఎన్నేళ్ళనుంచో వేటాడుతున్నవాడిలా.

తుపాకుల కొట్టంతా నవ్వింది. గేజ్ అంకె పెరిగేకొద్దీ తుపాకీ గొట్టం సన్నబడుతుందనీ, ఇరవై కంటే పన్నెండే పెద్దదనీ ఆ కెంటకీ కొండల్లో పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు. లూయీవిల్ నగరం నుంచి అత్తవారి ఊరికి కాపురం మార్చి ఆరు వారాలైన వెస్లీకి మాత్రం తెలియదు.

అతనికి తెలిసింది ఒక్కటే. మామ హోబర్ట్ తనని ఇంతవరకు అల్లుడని పిలవలేదు. పట్నం అంటాడు. "పట్నం, ఆ ఉప్పు ఇటు జరుపు." "పట్నం, గొడ్డలి పట్టుకోవడం అలాక్కాదు." ఈ పిలుపేమిటి నాన్నా అని వెస్లీ భార్య రీటా పోట్లాడితే ఆయన తేల్చి చెప్పేశాడు.

"ఆదివారానికి తన చేత్తో కుందేలు కొట్టి నాకు పెట్టమను. అప్పుడు అంటాను అల్లుడని."

అందుకే వెస్లీ ఇక్కడికొచ్చి నలుగురిలో నవ్వులపాలయ్యాడు. సిగ్గుతో తనూ నవ్వాడు.

"మంచి నవ్వు తమ్ముడూ," అన్నాడు పొయ్యి పక్కన కుర్చీలో కూర్చున్న బట్టతలాయన. పేరు ఎర్ల్. వేట రోజులొచ్చాయంటే ఆ కుర్చీ ఆయనదే. "హోబర్ట్ అల్లుడివి కదూ? ఇరవై నీకెందుకు? పన్నెండు తీసుకో."

"పోరగాణ్ణి పాడుచెయ్యకు ఎర్ల్," అంది కొట్టు యజమానురాలు నాడీన్. "కుందేలుకి ఇరవై చాలు బాబూ. పన్నెండుతో దగ్గర్నించి కొడితే మాంసం జల్లెడైపోతుంది."

"కుందేలు తప్పిపోతే జల్లెడ కూడా మిగలదమ్మా. పన్నెండంటే ఒక్క తూటాలో రెండొందల గుండ్లుంటాయి. ఏదో ఒకటి తగలకపోదు."

తగలకపోదు అన్న మాట వెస్లీ మనసుకి చాలా హాయిగా తగిలింది.

"ఇంకో సంగతి," అన్నాడు ఎర్ల్. "సీసం గుండ్లు వద్దు. ఉక్కువి తీసుకో."

"ఉక్కువి బాతుల వేటకి కదయ్యా," అంది నాడీన్.

"సీసం ఒంటికి మంచిది కాదు నాడీన్. పెద్దాయన తినేది. ఆయన ఆరోగ్యం మనం చూసుకోవద్దూ?"

వెస్లీకి కళ్ళు చెమ్మగిల్లినంత పనయింది. ఈ ఊళ్ళో తన మామ గురించి ఇంతగా ఆలోచించే మనిషి ఉన్నాడన్నమాట.

"నీ మాట విని ఎవరైనా బాగుపడ్డారా ఎర్ల్?" అంది నాడీన్.

"ఎందుకు పడలేదు? వేట మొదలైందంటే పన్నెండు వాడినవాళ్ళంతా నన్ను వెతుక్కుంటూ వస్తారు. ఇరవై వాడినవాడు ఒక్కడూ వచ్చిన పాపాన పోలేదు."

ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? వెస్లీ పన్నెండే కొన్నాడు. తూటాలు ఉక్కువే కొన్నాడు. నాడీన్ నిట్టూర్చి రసీదు రాసింది. ఎర్ల్ గుమ్మందాకా వచ్చి సాగనంపాడు.

"పది అడుగుల్లోకి రానిచ్చి కొట్టు. వండేటప్పుడు మాంసం మరీ కెలక్కండి, రుచి పోతుంది."

శనివారం ఉదయం ముళ్ళపొదలోంచి కుందేలొకటి లేచింది. వెస్లీ కళ్ళు మూసుకుని పేల్చాడు. తెరిచి చూస్తే కుందేలు పడి ఉంది. పన్నెండు గేజ్‌కీ ఎర్ల్‌కీ అక్కడే మనసులో దండం పెట్టుకున్నాడు.

ఆదివారం మధ్యాహ్నం రీటా దాన్ని పిండిలో దొర్లించి ఎర్రగా వేయించి, చిక్కటి గ్రేవీ చేసింది. గుండ్లు ఏరతానంటే వెస్లీ పడనివ్వలేదు. రుచి పోతుందన్నాడు.

హోబర్ట్ తొడ ముక్క తీసుకున్నాడు. కొరికాడు. నమిలాడు.

"బావుంది," అన్నాడాయన. గొంతు సవరించుకున్నాడు. "బావుంది అల్లుడూ."

రీటా కళ్ళనీళ్ళు పెట్టుకుంది. వెస్లీకి ఏనుగెక్కినట్టుంది. ఆ సంతోషంలో ఇంకో పెద్ద ముక్క ఏరి మామగారి పళ్ళెంలో వేశాడు.

టక్కుమని చప్పుడైంది.

హోబర్ట్ నోట్లో వేలు పెట్టి ఒక ఉక్కు గుండు బయటికి తీశాడు. తర్వాత సగం పన్ను తీశాడు. రెండిటినీ పళ్ళెం అంచున పక్కపక్కన పెట్టాడు.

"పట్నం," అన్నాడు.

సోమవారం పొద్దున్నే వెస్లీ ఆయన్ని బండెక్కించాడు. చుట్టుపక్కల నలభై మైళ్ళలో పళ్ళ ఆసుపత్రి ఒక్కటే ఉందని రీటా చిరునామా రాసిచ్చింది. దారంతా హోబర్ట్ దవడ పట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. ఆసుపత్రి వరండాలో ఆరుగురు మగాళ్ళు అలాగే దవడలు పట్టుకుని వరసగా కూర్చుని ఉన్నారు.

హోబర్ట్ వంతు వచ్చేసరికి లోపలి తలుపు తెరుచుకుంది, తెల్ల కోటు వేసుకున్న ఎర్ల్ చేతులు తుడుచుకుంటూ వచ్చి, "చెప్పలేదా తమ్ముడూ, పన్నెండు వాడినవాళ్ళు నన్ను వెతుక్కుంటూ వస్తారని," అన్నాడు.