వంతెన అడిగిన మనిషి

"వంతెన ఊకె నిలవడదు కొడుకా. మనిషిని అడుగుతది," అంది కూలీలకు అంబలి తెచ్చే ముసలి బుచ్చవ్వ, అంకయ్య ముంతలో పోస్తూ.

అంకయ్య నవ్వాడు. ముంత మాత్రం పక్కన పెట్టేశాడు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి మూడేళ్లయినా, జైనూర్ అవతలి ఆ వాగు దాటి ఒక్క మోటారు కూడా రాలేదు. ఇప్పుడు లారీలు పోవడానికి కట్టె వంతెన కడుతున్నారు. కూలీలంతా చుట్టుపక్కల వాళ్లే. పొద్దుగూకితే ఎవరిళ్లకు వాళ్లు పోయేవారు. మేస్త్రీ పర్శరాములు తన కులపోడని మందమర్రి నుంచి పిలిపించుకున్న అంకయ్య ఒక్కడే, ఆయన గుడిసెలో ఉండేవాడు.

వచ్చిన రోజే మేస్త్రీ అడిగాడు.

"ఇంటిపేరేంది రా?"

చెప్పాడు.

"మాది వేరే. మంచిదే. అవ్వ, బాపు?"

"లేరు."

"అన్నదమ్ములు?"

"ఎవలు లేరు."

దసరా నాడు పాలపిట్ట కనబడ్డట్టు మేస్త్రీ మొహం వెలిగింది. "మరీ మంచిదాయె."

ఎవరూ లేనివాణ్ని చూసి అంత సంతోషపడ్డ మనిషిని అంకయ్య అంతకుముందు చూడలేదు. బుచ్చవ్వ మాట విన్నాక సంగతి అర్థమైంది. సొంత వంశం వాణ్ని ఎవరూ బలివ్వరు. అడిగే దిక్కు లేనివాడైతే ఇంకా మేలు.

ఆ రోజు నుంచి అంకయ్య మేస్త్రీని ఒక కంట కనిపెట్టడం మొదలుపెట్టాడు. చూస్తే, మేస్త్రీ కూడా అతన్నే కనిపెడుతున్నాడు. వాగులో గుంజలు దిగ్గొట్టేటప్పుడు పది మంది తాడు లాగుతుంటే, ఆయన ఒడ్డున నిలబడి అంకయ్య భుజాలనే చూసేవాడు. అంగట్లో ఎద్దును చూసినట్టు.

"ఏ వారం పుట్టినవ్ రా?" అన్నాడొకసారి.

"నాకేం యాదికున్నది? అప్పుడు నేను శాన చిన్నోన్ని," అన్నాడు అంకయ్య.

ఒకనాడు ఉలి జారి అంకయ్య పాదం గీసుకుంది. మేస్త్రీ దూలం మీంచి దిగి ఉరికొచ్చి, పసుపు అద్ది గుడ్డ కట్టాడు.

"ఒంటిమీద గాటు పడొద్దు రా గీ నాలుగు రోజులు. జర పైలం."

బుచ్చవ్వకు చెబితే ఆమె తలూపింది. "మరి? మొక్కిన మేకకు చెవి గూడ తెగొద్దు కొడుకా."

ఆ సాయంత్రం నుంచి అంకయ్యకు కోడికూర. మధ్యాహ్నం కునుకు తీస్తూ సన్నగా కళ్లు తెరిస్తే, మేస్త్రీ దారంతో అతన్ని తల నుంచి కాలిదాకా కొలిచి ముడి వేస్తున్నాడు. గుంతకు కొలత, అనుకున్నాడు అంకయ్య. కోడికూర చేదైంది. అయినా తిన్నాడనుకోండి.

పారిపోదామంటే చుట్టూ అడవి. ఆ అడవిలో పులులు నీళ్లకు వరుస కడతాయనీ, వరుస తప్పిన పులిని మిగతావి తిడతాయనీ చెప్పుకునేవారు. అందులో సగం అబద్ధం. ఏ సగమో తెలియక అంకయ్య ఆగిపోయాడు.

ఇక మిగిలిన ఆశ వంతెన దాటే మొదటి లారీయే. ఎట్లాగైనా అది ఎక్కితే బతికినట్టే.

చివరి చెక్కకు మేకులు కొట్టిన సాయంత్రం మేస్త్రీ కొత్త దోతి చేతిలో పెట్టాడు. "రేపు పొద్దుగాల తలకు పోసుకొని గిది కట్టుకో. లారీ వచ్చేసరికి నువ్వు ముంగటుండాలె."

"నేనే ఎందుకే మేస్త్రీ? గింతమంది ఉన్నరు గద?"

"నువ్వే ఉండాలె. గంతే."

తెల్లారింది. డప్పులు మోగాయి. అవతలి ఒడ్డున లారీ వచ్చి ఆగి హారన్ కొట్టింది. మేస్త్రీ ఒక చేత్తో అంకయ్య నుదుట బొట్టు పెట్టి, రెండో చేత్తో నడుముకున్న కత్తి తీశాడు. అది నిమ్మకాయకో మెడకో అంకయ్య ఆగి చూడలేదు. వంతెన మీద పడి ఉరికాడు. దూలాలు దడదడలాడాయి గానీ ఒక్క చెక్క కదల్లేదు. లారీ వెనకవైపుకు పోయి, దాని తలుపు చెక్క పట్టుకుని ఎగిరి సంచుల మధ్య పడ్డాడు.

"డ్రైవర్ సాబ్, లారీ ఎనుకకు తిప్పుండ్రి. గా మేస్త్రీ నన్ను సంపుతడు."

సంచుల మీద కూర్చున్న ఒక పిల్ల అతన్ని కిందికీ మీదికీ ఒకసారి చూసి, వంతెన ఆ చివర కత్తితో నిలబడ్డ మేస్త్రీకి వినబడేట్టు కేకేసింది: "బాపూ, నాకు నువ్వు చూసిన, మనింట్లనే ఉండే ఇల్లుటం పెండ్లికొడుకు గీనేనా?"